ఇసుర్రాయి పాటలతో బోధన్ బస్సులో

నిజామాబాద్ బస్టాండులో ఉదయం తొమ్మిదికి బోధన్ బస్సు ఎక్కాను. ఈ దారిలో బస్సులకు కొదవ లేదు, కొదవంతా సీట్లకే. ఆడవాళ్లకు జీరో టికెట్టు వచ్చాక మగవాళ్లం డబ్బులిచ్చి నిలబడే హక్కు కొనుక్కుంటున్నాం. ఎడపల్లి దాకా నిలబడ్డాక ఒకాయన దయతలచి కొంచెం జరిగాడు. పత్రికలవాణ్ణని తెలిసి, బోధన్‌లో ఏం వార్త ఉందని అడిగాడు. ఒకావిడ మరాఠీ పుస్తకాలు వేస్తోందట, చూడ్డానికి వెళ్తున్నానన్నాను.

"మస్తు తీరిక దొరికింది సార్ మీకు," అన్నాడు.

ఆవిడ పేరు శాంతాబాయి. చెరకు నరకడానికి సరిహద్దు అవతలి నుంచి వచ్చి ఇక్కడే నిలిచిపోయిన కుటుంబం. చిన్న ప్రెస్ పెట్టుకుని తెలుగు, ఉర్దూ, మరాఠీల్లో పెళ్లికార్డులు అచ్చేసి, మిగిలినదానితో పుస్తకాలు వేస్తుంది. చాయ్ ఇచ్చి, కొత్త పుస్తకం చేతిలో పెట్టింది. ఇసుర్రాయి తిప్పుతూ ఆడవాళ్లు పాడుకున్న పాటలు. తల్లి దగ్గర, తల్లితోపాటు చెరకు కొట్టినవాళ్ల దగ్గర కూర్చుని రాసుకుంది. తెరిస్తే ప్రతి అక్షరం చదవగలిగాను, ఒక్క మాట అర్థం కాలేదు. మరాఠీ పాటల్ని తెలుగు లిపిలో అచ్చేసింది.

ఇక్కడి మరాఠీ ఇళ్ల పిల్లలందరూ తెలుగు బడుల్లో చదివారు. మాట వచ్చు గానీ దాని లిపి రాదు. అందుకని వాళ్లకు వచ్చిన అక్షరాల్లోనే వేసింది. ఆలోచన బాగానే ఉంది. పుస్తకాలే కదల్లేదు.

"నాందేడ్ల దుకాణాయన గిది తెలుగు, మాకొద్దన్నడు. నిజామాబాద్‌ల దుకాణాయన గిది మరాఠీ, మాకొద్దన్నడు. ఇద్దరు నిజమే చెప్పిండ్రు సార్," అంది శాంతాబాయి.

అమ్ముడుపోని పుస్తకాల కట్టలు పెట్టిన గదిలోకి మర్నాడు ఫ్లెక్సీల మిషన్ దిగాలి. లీడర్ల పుట్టినరోజులు ఏడాది పొడుగునా వస్తాయి గనుక ఆ బేరానికి తిరుగులేదు. ఆ రోజు సంతలో పుస్తకాలు పోకపోతే కట్టలన్నీ పాత పేపర్లవాడికి వేసి, ఇక పుస్తకాల జోలికి పోనని ఇంట్లో మాటిచ్చిందట.

సంతలో ఎల్లిగడ్డలమ్మే ఆమె పక్కన గోనెపట్టా పరిచాం. మరాఠీలో బేరమాడుతున్న ముసలమ్మలు పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, చదువు రాదని పెట్టేశారు. చదువొచ్చిన కాలేజీ అమ్మాయి రెండు లైన్లు చూసి, మా అవ్వ తిట్టినట్టే ఉందని తనూ పెట్టేసింది. మధ్యాహ్నం బస్టాండు ఎదురు హోటల్లో జొన్నరొట్టె, శనగపిండితో చేసే పిట్ల కూర తిన్నాం. ఆ పిట్ల కోసమైనా బోధన్ వెళ్లవచ్చు. శాంతాబాయి మాత్రం రొట్టె సగం వదిలేసింది. నాలుగింటికి పట్టా మడిచి, నాకో పుస్తకం ఇచ్చి బస్సెక్కించింది.

ఈసారి సీటు దొరికింది. పక్కన కూర్చున్న అవ్వ అట్ట మీది ఇసుర్రాయి బొమ్మ చూసి, "గందుల ఏమున్నది బిడ్డా?" అని అడిగింది. చెప్పడం రాక చదివాను, రేడియోలో వార్తలంత గంభీరంగా. రెండో పాటకు అవ్వ నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముందు సీట్ల ఆడవాళ్లు వెనక్కి తిరిగారు. నేను ఆపిన చోట ఒకామె అందుకుని పాడితే, అట్ల కాదంటూ ఇంకొకామె మరో చరణం ఎత్తుకుంది. కండక్టర్ టికెట్లు కొట్టడం ఆపి, కిటికీలోంచి పొలాలు చూస్తూ ఉండిపోయాడు.

అర్థం చెప్పమని అవ్వను బతిమాలాను.

"మొగోళ్లకు చెప్పేది కాదు బిడ్డా. నువ్వు సదువు," అంది.

జానకంపేటలో దిగుతూ పుస్తకం ఆమే పట్టుకుపోయింది, మనవరాలితో చదివించుకుంటుందట. మరో ముగ్గురు ప్రెస్ ఎక్కడో అడిగి తెలుసుకున్నారు.

నిజామాబాద్‌లో దిగగానే శాంతాబాయికి ఫోన్‌లో అంతా చెప్పాను. ఆవిడ అడిగింది ఒక్కటే:

"బస్సంత వినంగ చదివిండ్రా?"

"చదివాను. ఒక్క ముక్క అర్థం కాలేదు."

"అర్థమైతే చదవకపోదురు సార్," అంది. తర్వాత, మిషన్ వరండాల దించుకుందాం, గది ఖాళీ లేదని ఇంట్లో ఎవరికో చెప్పడం వినిపించింది. మళ్లీ నాతో, "వచ్చే సంతల అమ్ముడు బంద్. కూసోని నేనే చదువుత," అంది.

రాత్రి హైదరాబాద్ రైల్లో ఆ పాటలు గుర్తు చేసుకోబోతే ఒక్క మాటా అందలేదు. వెళ్లదలచినవారికి చెప్పేదొకటే: బోధన్ దారి బాగుంది, మనుషులు మంచివాళ్లు. కండక్టర్‌కు మరాఠీ వచ్చని, నేను చదివిందంతా ఆయనకు అర్థమైందని నాకు దిగేటప్పుడు తెలిసింది. ఈసారి వెళ్తే కండక్టర్‌కు ఏ భాషలొచ్చో కనుక్కుని ఎక్కుతాను.