నాలుగు కలిపిన కొలత

ఆ బట్టల కొట్టుకి వచ్చిన ఆడవాళ్ళు ముందు తువ్వాళ్ళు చూస్తారు. తర్వాత దుప్పట్లు చూస్తారు, అవసరం లేకపోయినా ధర అడుగుతారు. పక్కన మగవాళ్ళెవరూ లేరని రూఢి చేసుకున్నాక గొంతు తగ్గించి, "లోపలివి ఎక్కడుంటాయండీ?" అంటారు. బిల్లులు రాసే ఆయన తలెత్తకుండానే వెనక గది వైపు పెన్ను చూపిస్తాడు. ఆ వెనక గది టేపక్కది.

గదంటే పేరుకే గది. మూడు వైపులా అట్టపెట్టెలు పేర్చిన అరలు, నాలుగో వైపు తెర, మధ్యలో ఒక స్టూలు, ఒక నిలువుటద్దం. టేపక్కకి కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉంది గానీ, మెడలోంచి కొలత టేపు తీసిన పాపాన పోలేదు కాబట్టి ఆ పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనపడదు. ఇరవై మూడేళ్ళుగా ఆ గదిలో బ్రాలు అమ్ముతోంది. మనిషి తెర తప్పించి లోపలికి అడుగు పెట్టగానే సైజు చెప్పేస్తుంది. టేపు పెట్టి చూడటం వచ్చినవాళ్ళ తృప్తి కోసమే. ఈ విషయంలో ఆమెకి కాస్త గర్వం కూడా ఉండేది, ఉంటే తప్పేముంది.

టేపు పెట్టడానికొక పద్ధతుంది. రొమ్ముల కింద, వేసుకున్న బట్టల మీంచే చుట్టుకొలత తీసి, వచ్చిన అంకెకి నాలుగు కలపాలి. ఎందుకు కలపాలని టేపక్క తనకి పని నేర్పిన పెద్దావిడని అడగలేదు. ఆ పెద్దావిడ కూడా ఎవరినీ అడిగి ఉండదు. కలపాలి, అంతే. పైగా ఆ అరల్లో కప్పుకి 'డి' దాటి అక్షరం లేదు. భారీ ఛాతీ ఉన్నావిడ వస్తే అంకె పెంచుకుంటూ పోవడమే. నలభై చాలకపోతే నలభై రెండు, అదీ చాలకపోతే నలభై నాలుగు. వెనక పట్టీ వదులై వీపు మీదికి ఎగబాకుతుంది, ముందు భాగం కిందికి జారుతుంది. అప్పుడు టేపక్క భుజాల పట్టీలు బిగించి పైకి లాగి, "మీది భారీ ఒళ్ళు కదమ్మా, ఆమాత్రం ఉంటుంది. సర్దుకుంటుంది," అనేది. ఆవిడ అద్దంలో ఓసారి చూసుకుని, నిట్టూర్చి, కొనుక్కుని వెళ్ళిపోయేది. తప్పు ఒంటిదట, అరది కాదట.

టేపక్కకి ఒక్కతే కూతురు. మొగుడు పోయి తొమ్మిదేళ్ళయింది. ఉన్న రెండు గదుల్లో తల్లీకూతుళ్ళు ఒకరి మీద ఒకరు విసుక్కుంటూ, ఒకరు లేకపోతే ఒకరికి తోచకుండా బతుకుతున్నారు. అమ్మాయికి ఇరవై నాలుగు. పోలీసు ఉద్యోగానికి రాతపరీక్ష రెండుసార్లు పోయి, మూడోసారి గట్టెక్కింది. వయసు లెక్క ప్రకారం ఇదే ఆఖరి అవకాశం. ఇక మిగిలింది పరుగు. ఎనిమిది వందల మీటర్లు ఐదు నిమిషాల్లో పూర్తి చేయాలి. ఒక్క సెకను దాటినా ఇంటికే.

అమ్మాయికి ఊపిరి చాలు, కాళ్ళు చాలు. ఛాతీయే బరువు. పన్నెండేళ్ళకే వచ్చిపడిన ఆ బరువుతో ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. తల్లి మాత్రం తనకి తెలిసిన విద్యంతా చూపించి నలభై రెండు 'డి' తెచ్చి ఇచ్చింది. పరుగు మొదలుపెట్టాక ఒకదాని మీద ఒకటి రెండు వేసుకోమంది. భుజాల మీద పట్టీలు కోసుకుపోయి వేలు పట్టేంత గాడులు పడ్డాయి. సాయంత్రానికి వేళ్ళు తిమ్మిరెక్కేవి. మోచేతులు పక్కటెముకలకి అదిమి, పిడికిళ్ళు రొమ్ముల మీద ఆనించి పరుగెత్తేది, ఎవరో తన చేతిలోంచి ఏదో లాక్కుపోతారన్నట్టు. అలా పరుగెత్తితే ఐదు నిమిషాల ఇరవై సెకన్లు పట్టేది.

"ఉద్యోగం రాకపోతే ఏమైంది, నా తర్వాత ఆ గది నీదేనని మా యజమాని ఎప్పటినుంచో అంటున్నాడు," అని టేపక్క ఓసారి నవ్వులాటకి అంది. అమ్మాయి నవ్వలేదు. నిజానికి టేపక్కకీ నవ్వు రాలేదు. ఆ తెర వెనక కూతురు తన స్టూలు మీద కూర్చోవడం ఆమెకి తలుచుకోవడానికే ఇష్టం ఉండదు.

పరుగుకి పదకొండు రోజులుందనగా వెనక గదిలోకి ఒక డాక్టరమ్మ వచ్చింది. మెడలు, నడుములు పట్టేసినవాళ్ళకి కసరత్తులు చేయించే డాక్టరమ్మ. ఆమెదీ భారీ ఛాతీయే, కానీ నిటారుగా నిలబడింది. టేపక్క చూడగానే, "నలభై రెండు 'డి' అండీ," అని పెట్టె తీయబోయింది.

"కాదండీ, ముప్ఫై ఆరు. కప్పు 'జి' కావాలి."

"అలాంటి సైజు లేదమ్మా."

"మీ దగ్గర లేదేమో. సైజు ఉంది."

ఇరవై మూడేళ్ళలో ఆమెతో అలా అన్నవాళ్ళు లేరు. టేపక్క మొహం మాడ్చుకుని టేపు తీసింది. కింద కొలిచి, నాలుగు కలిపి, "నలభై," అంది. డాక్టరమ్మ టేపు అందుకుని కలపొద్దంది. అంకెంటే రొమ్ముల కింది కొలత, బిగించి తీసింది, అంతే. అక్షరమంటే ఛాతీ మీది కొలతకీ కింది కొలతకీ మధ్య తేడా. అంగుళానికొక అక్షరం, కంపెనీని బట్టి ఒకటి అటూ ఇటూ. బరువు మోయాల్సింది కింది పట్టీ, భుజాలు కాదు. పట్టీ వదులైతే బరువంతా మెడ మీద పడుతుంది.

"నా దగ్గరికి మెడనొప్పితో వచ్చేవాళ్ళలో సగం మంది మీలాంటి గదుల్లోంచి వచ్చినవాళ్ళే," అని ఆవిడ మెత్తగానే అంది. మెత్తగా అన్నందుకే ఎక్కువ తగిలింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి టేపక్క తలుపు గడియ వేసి, కూతురిని పైబట్టలు తీసి నిలబడమంది. పుట్టిన దగ్గర్నుంచీ పెంచిన పిల్లని బట్టల మీంచి కాకుండా కొలవడం అదే మొదటిసారి. కింద ముప్ఫై నాలుగు, మీద నలభై రెండు. ఎనిమిది అంగుళాల తేడా. ఎనిమిదో అక్షరం 'హెచ్' అని వేళ్ళ మీద లెక్కపెట్టి, మళ్ళీ కొలిచింది. అదే వచ్చింది.

"ఇన్నాళ్ళూ నీకు తప్పు సైజు ఇచ్చానే," అంది.

అమ్మాయి చొక్కా తొడుక్కుని గుండీలు పెట్టుకుంది. తర్వాత, "నాకొక్కదానికేనా?" అంది.

"అందరికీ."

ఎంతమంది తిరిగారు ఆ తెర వెనక గదిలో. పాలిచ్చే తల్లులు, రోజంతా మిషన్ల ముందు నిలబడేవాళ్ళు, మెట్లు దిగేటప్పుడు ఛాతీకి చెయ్యి అడ్డం పెట్టుకునే ముసలివాళ్ళు. వాళ్ళందరి భుజాలూ ఆమెకి గుర్తే.

మర్నాడు యజమానిని అడిగింది. ఆయన ఆ సైజులు తెప్పించాలంటే సైజుకి డజను చొప్పున కొనాలనీ, అవి అమ్ముడుపోవనీ అన్నాడు. "ఇరవై ఏళ్ళలో ఎవరైనా అడిగారా?" అన్నాడు. ఎలా అడుగుతారు, అడగాలని తెలియకుండా చేసిందే మనం కదా అనుకుంది టేపక్క. సెలవు పెట్టి కూతురితో పెద్దపెద్ద దుకాణాలన్నీ కాళ్ళరిగేలా తిరిగింది. ఒకచోట అమ్మకాలు చూసే అమ్మాయి నవ్వు ఆపుకుంటూ, "అంత పెద్దవి మా దగ్గర ఉండవండీ," అంది. ఇంకోచోట నాలుగు కలిపి కొలిచారు. చూస్తూ నిలబడింది టేపక్క.

ఫోనులో ఆర్డరు పెడితే ఐదో రోజుకి ఒకటి వచ్చింది. సైజు సరైనదే. కానీ మొత్తం జాలీ గుడ్డ, దారాల్లాంటి పట్టీలు. ఆ రోజు డాక్టరమ్మ చెప్పి వెళ్ళిన పరీక్షలన్నీ టేపక్క వరసగా పెట్టింది. చేతులు పైకెత్తమంది, కింది పట్టీ కదలలేదు. రెండు కప్పుల మధ్య భాగం ఎముకకి ఆనింది. పట్టీ కింద రెండు వేళ్ళు దూరాయి. "ఇప్పుడు ఎగురు," అంది. మూడోసారి ఎగిరేసరికి భుజం పట్టీ కుట్టు పటుక్కున ఊడింది. చూడ్డానికి కుట్టినది వాడ్డానికి పనికిరాదు కదా.

చివరికి టేపక్కే కూర్చుంది. వచ్చిన దానిలోంచి కప్పుల ఆకారం మాత్రం తీసుకుంది. సాగని గట్టి గుడ్డ లోపల రెండు పొరలు వేసింది. ఒక్కో రొమ్ముకీ విడివిడిగా గూడు ఉండేలా మధ్యలో కుట్టు బిగించింది. కింద నాలుగు వేళ్ళ వెడల్పు ఎలాస్టిక్, వెనక ఐదు హుక్కులు, భుజాల మీద వెడల్పాటి మెత్తని పట్టీలు, వీపు మీద అవి ఒకదాన్నొకటి దాటేలా కుట్టింది. రెండుసార్లు విప్పి మళ్ళీ కుట్టింది. మూడోసారి కుట్టాక తొడిగి ఎగరమంటే అమ్మాయి ఎగిరింది. ఇంకాస్త ఎత్తుకి ఎగిరింది. తర్వాత మంచం చుట్టూ పరుగెత్తింది.

"అమ్మా, కదలట్లేదే," అంది. ఇన్నేళ్ళలో ఆ పిల్ల మొహంలో అలాంటి వెలుగు టేపక్క చూడలేదు. ఆ మాటకి కొంగెత్తి కళ్ళొత్తుకోవాల్సింది పోయి, హుక్కు సరిచేసే నెపంతో కూతురి వీపు వెనక నిలబడింది.

పరుగుకి రెండు రోజుల ముందు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ కుట్టు చూసి నిజంగానే మెచ్చుకుంది. ఆసుపత్రి వెనక ఖాళీ స్థలంలో అమ్మాయిని ఒక చుట్టు పరుగెత్తించింది. చూసి అడిగింది.

"చేతులలా పెట్టుకుని ఎన్నాళ్ళుగా పరుగెడుతోంది?"

టేపక్క అప్పుడు చూసింది. ఏమీ కదలకపోయినా, ఏ బరువూ జారకపోయినా, అమ్మాయి మోచేతులు పక్కటెముకలకి అతుక్కునే ఉన్నాయి. పిడికిళ్ళు ఛాతీ మీదే ఉన్నాయి.

"పన్నెండో ఏటి నుంచండీ."

"చేతులు ఊగకపోతే కాళ్ళకి వేగం రాదండీ. భుజాలు ముందుకి వంగిపోయాయి, ఊపిరి కూడా సగమే అందుతుంది. సరిచేయొచ్చు, రోజూ చేయిస్తే మూడు నెలల్లో మారుతుంది."

"పరుగు ఎల్లుండి."

డాక్టరమ్మ రెండు కసరత్తులు నేర్పి, డబ్బులు తీసుకోకుండా పంపించింది. డబ్బులు వద్దన్నప్పుడే టేపక్కకి సంగతి అర్థమైంది. ఆ రెండు రోజులూ తల్లి గది మధ్యలో నిలబడి, "ఊపు, ఊపు," అంటూనే ఉంది. నడుస్తున్నంతసేపూ ఊపేది. పరుగందుకోగానే చేతులు వాటంతటవే పైకి వచ్చేసేవి.

పరుగు రోజు మైదానం చుట్టూ ఇనుప కంచె. కంచెకి ఇవతల తల్లులు, అన్నలు, మొగుళ్ళు. నంబరు గుడ్డలు కట్టుకున్న పన్నెండు మంది గీత మీద నిలబడ్డారు. అమ్మాయి నిటారుగా నిలబడింది, తల్లి వైపు చూసి తలూపింది. ఈల వేశారు.

మొదటి చుట్టు సగం దాకా చేతులు ఊగాయి. టేపక్క చూసింది, కళ్ళారా చూసింది. మలుపు దగ్గర పక్కనున్న అమ్మాయి దాటుకుని పోతుంటే ఈమె వేగం పెంచింది. ఆ పెంచడంలో మోచేతులు దగ్గరికొచ్చాయి. పిడికిళ్ళు పైకి లేచి ఛాతీ మీద కూర్చున్నాయి. ఇంక దిగలేదు. "చేతులు, చేతులు," అని టేపక్క కంచె పట్టుకుని అరిచింది గానీ చుట్టూ అందరూ అరుస్తూనే ఉన్నారు. రెండో చుట్టంతా అలాగే, తల వంచి, తనని తాను పట్టుకుని పరుగెత్తింది. గీత దాటేసరికి గడియారం ఐదు నిమిషాల ఆరు సెకన్లు చూపించింది.

అధికారి నంబరు చదివి కాగితం మీద అడ్డగీత గీశాడు. మళ్ళీ ఎప్పుడని అడగడానికి లేదు, వయసు అయిపోయింది. అమ్మాయి కంచె దాటుకొచ్చి తల్లి పక్కన గట్టు మీద కూర్చుంది. చెమట కారుతోంది. టేపక్కకి ఆ పిల్ల భుజాల మీది గాడులు తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఆ పట్టీల్ని తనే బిగించింది, ఏటికేడు, బాగా చూసుకుంటున్నాననుకుని.

"కుట్టు బాగా పట్టిందమ్మా," అంది అమ్మాయి. "ఒక్క కుదుపు లేదు. అసలేమీ లేనట్టే ఉంది."

టేపక్క తలూపింది.

"ఆరు సెకన్లు ఎక్కడ పోయాయో తెలియట్లేదు. చేతులు చివరిదాకా ఊపాను కదా?"

టేపక్క కూతురి మొహం వైపు చూసింది. ఆ పిల్ల నిజంగానే అడుగుతోంది. తనకి తెలియదు.

"ఊపావమ్మా," అంది టేపక్క. "చివరిదాకా ఊపావు."