టైలరమ్మ విప్పేసిన గుండీ

మా వీధి చివర మెట్ల కింద గదిలో ఒకే ఒక కుట్టుమిషను పెట్టుకుని పదేళ్లుగా బట్టలు కుడుతున్న ఆవిడను అందరూ టైలరమ్మ అంటారు. చొక్కా కాలరు తిప్పి కుట్టాలన్నా, ప్యాంటు నడుం వదులు చెయ్యాలన్నా ఆవిడ దగ్గరికే వెళ్తారు. మనిషిని ఒకసారి పైనుంచి కిందికి చూస్తే చాలు, టేపు తియ్యకుండానే కొలత చెప్పేస్తుంది. అంత పనిమంతురాలికి ఒకటే కొరత. మూడో తరగతి చదివే కూతురు సూది ముట్టుకోదు. ‘వేలికి గుచ్చుకుంటుందమ్మా’ అని రెండేళ్లుగా ఒకటే పాట. బతిమాలింది, బుజ్జగించింది, కసిరింది. ఏం చేసినా లాభం లేకపోయింది.

సెలవులకు ముందు చివరి వారం మొదటిరోజు ఆ పిల్ల బడి నుంచి ఎగురుకుంటూ వచ్చింది.

“అమ్మా, పరీక్షలైపోయాయిగా! సెలవులిచ్చేదాకా మా టీచరు కుట్లు నేర్పుతుందట. ఇవాళ సూదిలో దారం ఎక్కించడం నేర్చుకున్నాం. నాకు మూడోసారికే వచ్చేసింది!”

టైలరమ్మ మిషను చక్రం మీద చెయ్యి ఆనించి ఆపింది. “వేలికి గుచ్చుకోలేదా?”

“గుచ్చుకుంది. టీచరు ఊదింది.”

ఆ మాటకు టైలరమ్మ ఒళ్లు భగ్గుమంది. ఆ టీచరు ఎవరో కాదు. పోయిన నెల జాకెట్టు చేతులు పొడుగయ్యాయని తన దగ్గరికే వచ్చి పొట్టి చేయించుకున్న మనిషి. ఆవిడ తన కూతురికి కుట్టు నేర్పుతుందా!

మర్నాడు ముడి వెయ్యడం నేర్పారు. ఆ మర్నాడు రెండు రంధ్రాల గుండీ కుట్టడం. ఇంట్లో ఎటు తిరిగినా టీచరు మాటే. టీచరు దారం మూరెడే తీసుకోమంది. టీచరు సూది ఎవరికైనా ఇచ్చేటప్పుడు మొన మనవైపు ఉంచుకుని అందించమంది. తనేమో ఈ మాటలే వందసార్లు చెప్పి ఉంటుంది.

“కూరలో ఉప్పు మరిచిపోయావు కోడలా,” అంది అత్తగారు భోజనాల దగ్గర.

“ఆ టీచరమ్మనే పిలిచి వేయించుకోండి. అన్నీ ఆవిడకే తెలుసుగా!”

అత్తగారు ఉప్పుడబ్బా దగ్గరికి లాక్కుంది.

గురువారం పొద్దున పిల్ల స్నానానికి వెళ్లినప్పుడు టైలరమ్మ బడిసంచీ తెరిచింది. లోపల అరచేతి వెడల్పు గుడ్డముక్క, దాని మీద ఎర్ర గుండీ. దారం వదులుగా వేలాడుతోంది. వెనక ముడి మిరియపు గింజంత ఉంది. కత్తెర అందుకుని పుటుక్కున తెంపి, నిమిషంలో మళ్లీ కుట్టేసింది. తన పిల్ల నలుగురిలో చిన్నబోకూడదని మనసుకు చెప్పుకుంది. కానీ అసలు గుండీ కుట్టడమంటే ఏమిటో ఆ టీచరుకు తెలిసిరావాలన్నదే లోపలి మాట.

సాయంత్రం పిల్ల సంచీ విసిరికొట్టి గోడవైపు తిరిగి కూర్చుంది.

“ఇది నువ్వు కుట్టింది కాదంది టీచరు. నేనే కుట్టానన్నా. అబద్ధం చెప్పకూడదంది, అందరి ముందూ.” పిల్ల ఇటు తిరిగింది. “నా గుండీ ఏమైందమ్మా?”

“నేనే విప్పేశాను.”

“ఎందుకు?”

“కుళ్లుకుని,” అంది అత్తగారు మూల నుంచి.

శుక్రవారం, బడికి ఆఖరిరోజు, టైలరమ్మ దుకాణం మూసి కూతురితో కలిసి వెళ్లింది. తరగతి గదిలో తాడు కట్టి పిల్లలు కుట్టిన ముక్కలన్నీ వేలాడదీశారు. ఒక్క క్లిప్పు ఖాళీగా ఉంది.

“తప్పు పిల్లది కాదండీ,” అంది టైలరమ్మ. “అది కుట్టింది తెంపేసి నేను కుట్టాను. రెండేళ్లుగా నేర్పుతానన్నా నా దగ్గరికి రాలేదు. మీరు చెబితే మూడు రోజుల్లో వచ్చేసింది. ఓర్చుకోలేకపోయాను.”

టీచరు పిల్ల దగ్గరికి వెళ్లి, “నిన్న నేను తొందరపడ్డాను తల్లీ, అది నా తప్పు,” అని అందరికీ వినబడేలా చెప్పి, కొత్త గుడ్డముక్క చేతికిచ్చింది.

టైలరమ్మ వెనక పొట్టి బెంచీ మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. పిల్ల కుట్టడం మొదలుపెట్టింది. దారం చిక్కుపడింది. టైలరమ్మ చటుక్కున లేవబోయింది. కానీ పిల్ల తలెత్తింది టీచరు వైపే.

“ఏ దారం పైన ఉందో చూడు,” అంది టీచరు, చేతులు కట్టుకునే. పిల్ల చూసింది, గోటితో లాగింది, చిక్కు విడిపోయింది.

తనైతే ఈపాటికి చేతిలోంచి లాక్కుని తనే విప్పేసేది. ఎప్పుడూ అదే చేసింది. ఆ సంగతి తెలిసొచ్చాక కూడా కడుపుమంట చల్లారలేదు. ఇంకాస్త రాజుకుంది.

సెలవుల్లో మాత్రం మిషను పక్కన స్టూలు వేసి, పాత చొక్కా ఒకటి పిల్ల ఒళ్లో పడేసింది.

“అలా కాదే, దారం ఒంటిపోగు...” అనబోయింది.

“టీచరు రెండు పోగులు వెయ్యమందమ్మా.”

టైలరమ్మ పళ్లు బిగించింది. “సరే, వెయ్యి,” అని తన చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

బడి తెరిచే నాటికి పిల్ల ఏడు గుండీలు కుట్టింది. వాటిలో రెండు ఊడిపోయాయి.

“ఊడినవి ఎవరు నేర్పినవే?” అని అడిగింది అత్తగారు.

“టీచరు నేర్పినవే,” అంది టైలరమ్మ, మిషను మీంచి తల ఎత్తకుండా.