కాగితంలో లేని ట్యాంకు

మట్టి పరీక్షల ఆఫీసులో ఆమెను అందరూ ముక్కు మేడం అంటారు. ఇరవై రెండేళ్లుగా పాత పెట్రోలు బంకుల కింది మట్టినీ నీటినీ పరీక్షించడమే ఆమె పని. వాసన పట్టే మీటరు చేతిలో ఉన్నా, అది ఎప్పుడూ ఆమె ముక్కుకు అర నిమిషం వెనకే.

ఆ ఏడు వానలు వెలిశాక, మూతపడిన ఒక బంకు స్థలం చూడమని ఆమెను పంపారు. వెనక గోడ అవతల లాండ్రీ ఉంది. వాళ్ల బావి నీటితో ఉతికిన దుప్పట్లు డీజిలు కంపు కొడుతున్నాయని ఫిర్యాదు. బంకు యజమాని కాగితాలు తెచ్చి చూపించాడు. మూడు ట్యాంకులు, మూడూ ఎప్పుడో తవ్వి తీసేశారట.

తీసిన చోట మూడు బోర్లు వేయించింది. అన్నిట్లోనూ శుభ్రమైన ఎర్రమట్టే.

"ఇక సర్దేద్దాం అమ్మాయ్," అన్నాడు రిగ్గు నడిపే బాబాయ్. "కొండను తవ్వితే ఎలుకైనా దొరకాలి. మనకి అదీ లేదు."

"మరి దుప్పట్లకి కంపు గాల్లోంచి వచ్చిందా బాబాయ్?"

కాలు నిలవక నేరుగా లాండ్రీలోకి నడిచింది. ఇస్త్రీ బల్ల పక్కన యజమానురాలి అత్తగారు కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లుగా ఆ కిటికీలోంచి బంకును చూస్తున్న మనిషి.

"పెద్దమ్మా, అప్పట్లో లారీలు ఎక్కడ ఆగేవి?"

"కార్లు ముందువైపు. లారీలు మాత్రం మా గోడ పక్కనే. అదిగో, ఆ రేకుల షెడ్డు ఉన్నచోట డీజిలు పోసేవాళ్లు. మా కోడలు కాపురానికొచ్చిన ఏడే షెడ్డు వేశారు."

మేడం పరుగున వచ్చి, షెడ్డుకూ గోడకూ మధ్య చోటు బాబాయ్‌కి చూపించింది.

"కాగితంలో లేనిది నేలలో ఎలా ఉంటుందండీ?" అని యజమాని అడ్డొచ్చాడు.

"నేలకి చదువు రాదండీ!"

పది అడుగుల దగ్గర మట్టి బూడిదరంగుకు తిరిగింది. మీటరు కీచుమంది. పదహారు అడుగుల్లో నీరు తగిలింది. సన్నటి గాజులాంటి గొట్టాన్ని దించి పైకి లాగింది. అడుగున నీళ్లు, వాటిపైన మూడు వేళ్ల మందాన డీజిలు!

"బాబాయ్, చూడు! చూడవయ్యా!" అని ఆమె పెట్టిన కేకకు లాండ్రీవాళ్లంతా గోడ దగ్గరికి వచ్చేశారు. బాబాయ్ టోపీ ఎగరేశాడు.

"దరిద్రం దొరికితే ఇంత సంబరమా తల్లీ?" అంది పెద్దావిడ.

"ఇన్నాళ్లూ మీ బావికొచ్చి పోతోందే, దాని ఇల్లు తెలిసింది పెద్దమ్మా!"

మర్నాడు షెడ్డు విప్పి తవ్వితే అడుగు తుప్పుపట్టి చిల్లులు పడ్డ నాలుగో ట్యాంకు బయటపడింది. చెడిన మట్టిని లారీలకెత్తారు. భూమిలోని నూనెను తోడి, నీటిని శుద్ధి చేయడానికి ఏడాదిన్నర పట్టింది. అన్నాళ్లూ లాండ్రీ కుళాయి నీళ్లతోనే నడిచింది. ప్రతి నెలా ఆమే వచ్చి బావి నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లేది.

వరుసగా మూడోసారి కూడా నీరు శుభ్రమని రిపోర్టు వచ్చిన రోజు, అది పట్టుకుని ఆటో దిగీ దిగకముందే అరిచింది. కోడలు మోటారు వేసింది. తొట్టిలోకి నీళ్లు దూకుతుంటే ముగ్గురు ఆడవాళ్లూ ఒకరిమీద ఒకరు చల్లుకుని నిలువునా తడిసిపోయారు.