పొగ చెదిరేదాకా

టీచరక్క పోయారు. ఆదివారం పొద్దున తిరుత్తణిలో ఎక్కిన టౌన్‌బస్సు ఆర్.కె.పేట దగ్గరి పల్లెలో ఆగినా ఆమె దిగలేదు. స్టాపులో ఆమెకోసం ఎదురుచూస్తున్న పాత విద్యార్థిని, నిద్రపోయారనుకుని బస్సెక్కి భుజం తట్టింది. గుండె ఎప్పుడో ఆగిపోయిందట.

మా పక్కింటావిడ. తమిళనాడులో ఉన్న ఆ పల్లె తెలుగు మీడియం బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యారు. శ్రీహరికోటలో రాకెట్టు లేచే రోజు, ఎవరి పీరియడైనా సరే, పిల్లలంతా మిద్దెమీద ఉండాల్సిందే. తూర్పున ఎర్రటి చుక్క ఎగబాకి మాయమవగానే పిల్లలు చప్పట్లు కొట్టి మెట్లవైపు పరిగెత్తేవాళ్ళు. ఆమె చేతులు అడ్డం పెట్టేవారు.

“యాడికి పోతారు? నిప్పు పోతే అయిపాయెనా? పొగ ఎట్ల వంగుతాదో చూడండి. పైన ఏ గాలి, కింద ఏ గాలి?”

పొగ పూర్తిగా చెదిరేదాకా ఎవరూ దిగకూడదు. అదొక్కటే ఆమె పెట్టిన చట్టం.

పత్రికలకు వ్యాసాలు రాసే నేను ఊరుకునేవాణ్ణి కాదు. “ల్యాబుకు తాళం. పది దాటితే ఈ చుట్టుపక్కల తెలుగులో లెక్కల గ్రూపు లేదు. ఈ పిల్లలకు రాకెట్టు చూపించడమంటే, ఆకలిగా ఉన్నోణ్ణి మిఠాయి అంగడి ముందర నిలబెట్టినట్టే అక్కా” అనేవాణ్ణి.

ఆమె కాఫీ చల్లారుస్తూ నవ్వేవారు. “గవర్నమెంటును నువ్వు తిట్టు నాయనా, గట్టిగా తిట్టు. నేను వద్దంటినా? నీ తిట్లు పని చేసేదాకా పిల్లోళ్ళని కండ్లు మూసుకోమంటావా?”

నా వాదన ఇప్పటికీ మారలేదు. కానీ ఆమె కలలు అమ్మే మనిషి కాదు. ఒకసారి చెన్నై నుంచి ఎవరో అంతరిక్ష శిబిరమంటూ వచ్చారు. పిల్లల తలలకు అట్ట హెల్మెట్లు తొడిగి, వ్యోమగాములమవుతామని అరిపించి, ఫోటోలు తీసుకున్నారు. అంతా అయ్యాక అక్క లేచారు.

“శానా సంతోషం సార్. వీళ్ళు పదకొండుకు ఏ బడికి పోవాల్నో, అది కూడా చెప్పి పొండి.”

ఆ పెద్దమనిషి ఫోను చూసుకున్నాడు. ఆకాశమే హద్దని పిల్లలకు ఉపన్యాసాలిచ్చే వాళ్ళందరూ ఈ ప్రశ్న దగ్గర ఫోనే చూసుకుంటారు.

పొగను అందరికన్నా బాగా చదివే పిల్ల ఒకతె ఆ బడిలో ఉండేది. పది పాసైంది. తండ్రి నడుం పడిపోయింది. తిరువళ్ళూరు పక్క చెప్పుల కంపెనీలో చేరింది. అక్క ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. ఓపెన్ స్కూల్లో ప్లస్ టూ రాయించాలనుకున్నారు. తెలుగులో వీలు కాదు, తమిళంలోనే రాయాలి. రిటైరైన మనిషి తమిళ ఫిజిక్సు పుస్తకం ముందేసుకుని మొదటినుంచీ చదువుకున్నారు. పిల్లకు సెలవు ఆదివారమే. ప్రతి ఆదివారం ఆ బస్సే.

“త్వరణమంటే తమిళంలో ముడుక్కం, అంతే. పేరు మారింది, బండి అట్లే పరిగెత్తుతాది” అని పిల్లకు ధైర్యం చెప్పేవారు.

మొన్న అక్క తమిళ పుస్తకాలు ఆ పిల్లకు ఇచ్చి రావాలని తెల్లవారకముందే బయలుదేరాను. అమ్మాయి కంపెనీ యూనిఫారంలో స్టాపు దగ్గర ఉంది.

“పరీక్ష రాస్తావా అమ్మా?”

“ముడుక్కం దాకా చెప్పినారు సార్.” పుస్తకాలు గుండెకు హత్తుకుంది. “మిగిలింది ఎవురు చెప్తారు?”

ఇన్నేళ్ళు రాసిన వ్యాసాల్లో ఒక్క వాక్యం కూడా అప్పుడు పనికిరాలేదు.

కంపెనీ బస్సు వచ్చింది. అప్పుడే తూర్పున ఎర్రటి చుక్క లేచింది. బస్సులో వాళ్ళు కిటికీల్లోంచి వంగి చూశారు. చుక్క ఆరిపోయింది, తలలు లోపలికి పోయాయి. అమ్మాయి మాత్రం రోడ్డు మీదే ఉంది.

“ఏమ్మా, వస్తావా రావా? అది పోయి ఎంతసేపాయె” అన్నాడు డ్రైవరు.

“ఉండన్నా. పొగ ఇంకా ఉండాది.”

అతను హారన్ కొట్టాడు. ఆమె కదల్లేదు. ఏమనుకున్నాడో, ఇంజను ఆపేశాడు. ఎండ తగిలి తెల్లబడుతున్న పొగ పైన ఒకవైపు, కింద ఇంకోవైపు వంగుతూ ఉంది. పుస్తకాలు పట్టుకున్న చేతిలో ఒక వేలు లేచి, గాలి పోయే దారి వెంట మెల్లగా కదిలింది.