కోట వాళ్ళది, గుడి మాది

ఈ రోజు మ్యూనిక్ ఎస్-బాన్ లోకల్ రైల్లో వస్తూ, మా వేల్స్ ట్రిప్ గురించి కొలీగ్ రీస్‌కి చెప్పాను. అతనిది ఆ దేశమే.

"మీ ఊరి కోట భలే ఉంది!" అన్నాను.

రీస్ మొహం మాడ్చుకున్నాడు. "కోట పక్కూరు కాన్వీది. మాది లాండిడ్నో. మా దగ్గర బీచ్, కొండెక్కే ట్రామ్ ఉన్నాయి."

"పక్కపక్క ఊళ్ళేగా, ఏదైతే ఏంటి?" అని నవ్వాను.

అతను "ఇండియా వెళ్ళినప్పుడు మీ వరంగల్‌లో వేయి స్తంభాల గుడి చూస్తాను" అన్నాడు.

"వరంగల్ కాదు, హనుమకొండ! గుడి మాది!"

నా అరుపుకి పెట్టెలో జనమంతా ఫోన్లలోంచి తలలెత్తారు.

"పక్కపక్క ఊళ్ళేగా" అన్నాడు రీస్ తాపీగా.

హనుమకొండ వాళ్ళెవరైనా ఉంటే నా తరఫున రెండు ముక్కలు రాయండి. వరంగల్ వాళ్ళు లైక్ కొట్టి ఊరుకోండి, చాలు.