నిదానమైన గ్రాఫిక్స్ కార్డు

ఈ రోజు బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కంప్యూటర్ షాపులో రెండు గ్రాఫిక్స్ కార్డులు పోల్చి చూశాను. ఒకటి ఎనిమిది జీబీ, రెండోది పదహారు జీబీ.

"ఏ గేమ్ వేసి చూపించమంటారండీ?" అన్నాడు షాపాయన.

గేమ్ వద్దని పెన్ డ్రైవ్ ఇచ్చాను. అందులో నిరుడు పోయిన మా ఆవిడ శారద వీడియో ఉంది. మంగళగిరిలో చీరలు చూస్తూ నా వైపు తిరుగుతుంది. పాత ఫోన్‌తో తీసినది కాబట్టి మొహం సరిగా కనబడదు. మసక తీసే సాఫ్ట్‌వేర్‌ను ఆయన రెండు కార్డుల మీదా నడిపించాడు.

పెద్ద కార్డు నేను కళ్లజోడు తుడుచుకునేలోపే ముగించింది. చిన్నది ఒక్కో ఫ్రేమే తేల్చుకుంటూ వచ్చింది. ముందు చెవి దుద్దు, తరువాత చెంప, ఆ తరువాత కళ్లు. ఇన్నాళ్లూ ఆ మసక వెనకే ఉన్నట్టు, శారద మెల్లగా నా వైపు తిరిగింది.

"వీడియో రెండిట్లోనూ ఒకేలా వస్తుందండీ, టైమే తేడా. పెద్దది ప్యాక్ చేయించనా?"

"చిన్నది ఇవ్వండి."

"అదేంటండీ! స్లోగా ఉందని కొనేవాళ్లని ఇదే చూడటం."

ఇంట్లో ఇలాంటి వీడియోలు ఇంకా ఉన్నాయి. నాకు తొందరేముంది? మీలో ఎవరైనా కావాలనే నిదానమైన కార్డు కొన్నారా?