మూఢంలో విప్పని కెమెరా

రాజోలు మెయిన్‌రోడ్డులో ఫోటోల సత్తియ్య అంటే తెలియని పెళ్ళివారు లేరు. పందిట్లో పదిమంది మీద పడి తోసుకుంటున్నా, దోసిట్లోంచి తలంబ్రాలు జారే క్షణాన్ని ఒడిసిపట్టే చెయ్యి ఆయనది. చేతిలో కెమెరా ఉంటే పెళ్ళికొడుకు తండ్రిని కూడా "కాస్త తప్పుకోండి" అని కసిరేవాడు. ఇంటికొచ్చేసరికి మాత్రం తల్లి వీరమ్మ గారి ముందు పిల్లి. ఆవిడ గీసిన గీత దాటడం ఆయన వంట్లో లేదు.

పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరుకి మూఢం అంటే ఏమిటో వేరే చెప్పాలా? శుక్రుడు సూర్యుడికి మరీ దగ్గరైపోయి కంటికి కనబడకుండా పోతే ఇక్కడ పెళ్ళిళ్ళు ఆగిపోతాయి, సత్తియ్య స్టూడియోలో ఈగలు ముసురుతాయి. అలాంటి ఖాళీ రోజుల్లోనే ఆయనకు దుర్భిణి పిచ్చి పట్టుకుంది. డాబా మీద దుర్భిణి బిగించి, దానికి డిజిటల్ కెమెరా తగిలించి, చంద్రుడి మీద గుంటల్ని ఫోటోలు తీసి స్టూడియో అద్దాల్లో పెట్టాడు. కెమెరా మీద చెయ్యి వేస్తే దుర్భిణి వణికి బొమ్మ అలుక్కుపోతుంది. అందుకని అమలాపురంలో నెట్ సెంటరు నడిపే ఇశ్రాయేలు చేత ఒక సాఫ్ట్‌వేర్ దింపించుకున్నాడు. కంప్యూటరులోంచి అదే కెమెరాని నొక్కుతుంది, తీసిన బొమ్మని అదే తెర మీద పెట్టి ఫోకస్ కుదిరిందో లేదో చూపిస్తుంది.

2004 జూన్‌లో శుక్రుడు పట్టపగలు సూర్యుడి ముఖం మీదుగా నడిచి వెళతాడని పేపర్లో చదివిన రోజు ఆయనకు అన్నం సహించలేదు. ఆ ఫోటో తీసి తీరాలి. సరదాకి కాదు, భార్య రమణమ్మ కోసం.

వాళ్ళ పెళ్ళి మూఢంలో జరిగింది. ఆసుపత్రిలో ఉన్న రమణమ్మ తండ్రి కళ్ళు మూసేలోగా కూతురి మెడలో తాళి చూస్తానంటే, ఆ పూటకి ఆ పూట మూడు ముళ్ళు వేయించేశారు. ఆ తర్వాత పిల్లలు పుట్టలేదు. ఇంకేం, వీరమ్మ గారికి కారణం దొరికిపోయింది. మూఢంలో కట్టిన తాళి అని ఎత్తిపొడిచేది. చుట్టాల్లో ఎవరి సీమంతానికి వెళ్ళినా రమణమ్మని గాజుల పళ్ళెం ముట్టుకోనిచ్చేది కాదు. పోనుపోను రమణమ్మ తనూ నమ్మేసింది, అదీ దారుణం. సూర్యుడి ముందు ఆ శుక్రుడెంత నలుసో పెద్ద ఫోటో తీసి, పటం కట్టించి, రమణమ్మ కళ్ళెదుట గోడకి కొట్టాలని సత్తియ్య పట్టుదల.

అందుకోసం రాజమండ్రి వెళ్ళి, పాత కెమెరా ఇచ్చేసి, అప్పుడే బజార్లోకి వచ్చిన కొత్త కెమెరా తెచ్చుకున్నాడు. మర్నాటి నుంచీ మూఢం. వీరమ్మ గారు విప్పని పెట్టెకి పసుపు రాసి, బొట్టు పెట్టి, తాడు చుట్టి దేవుడి గూట్లో పెట్టేసింది.

"మూఢం వెళ్ళేదాకా దీని మీద చెయ్యెయ్యకు. ఈ రోజుల్లో కొత్త వస్తువు మొదలెడితే అచ్చిరాదు" అంది.

"ఆయ్, అలాగేనమ్మా" అన్నాడు సత్తియ్య.

చూశారా మరి! శుక్రుడు సూర్యుడి మీదకి వచ్చేదే మూఢం నడిమధ్యలో. ఆ మాట తల్లితో అనడానికి నోరు రాక, రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని నానబెట్టాడు. తీరా ఆ రోజు రానే వచ్చింది. వీరమ్మ గారు స్నానానికి వెళ్ళగానే కెమెరా బయటికి లాగి, ఖాళీ పెట్టెకి మళ్ళీ తాడు చుట్టి గూట్లో పెట్టి డాబా ఎక్కాడు. తన సొంత కెమెరాకి తనే దొంగ.

ఎండ మాడు పగలగొడుతోంది. సూర్యుణ్ణి చూడటానికి వేసే నల్ల ఫిల్టరు దుర్భిణికి బిగించి, కెమెరా తగిలించి, గొడుగు నీడన పెట్టిన కంప్యూటరుకి వైరు కలిపాడు. కెమెరా దొరకలేదని తెర మీద పడింది. వైరు పీకి మళ్ళీ పెట్టాడు. కంప్యూటరు ఆపి మళ్ళీ వేశాడు. కెమెరా కళ్ళెదురుగా ఉంది, దాని లైటు వెలుగుతోంది, కంప్యూటరు మాత్రం ససేమిరా లేదంటోంది. ఇశ్రాయేలుకి ఫోన్ చేశాడు.

"అది కొత్త మోడలు కదండీ. ఈ సాఫ్ట్‌వేర్ రాసేనాటికి ఆ కెమెరా ఇంకా పుట్టలేదండీ. రాసినోళ్ళు దాన్ని కూడా కలిపి మళ్ళీ కొత్తది పెట్టేదాకా మనమేం చెయ్యలేమండీ."

"మరిప్పుడెలాగ ఇశ్రాయేలూ?"

"తెచ్చిన రోజే ఓసారి కలిపి చూసుకుంటే, పాతది వెనక్కి తెచ్చుకునేవోరు కదండీ. చూడలేదాండీ?"

ఏం చెబుతాడు, మా అమ్మ తాడు చుట్టిందనా? ఫోన్ పెట్టేసి చేత్తోనే నొక్కడం మొదలెట్టాడు. ఆ వెలుతురులో కెమెరా వెనక ఉన్న బుల్లి తెర కనబడి చావదు. మెమరీ కార్డు పీకి ఏ బొమ్మని కంప్యూటరులో వేసి చూసినా అలికేసిన ముగ్గే. శుక్రుడి జాడ లేదు. ఇన్నాళ్ళ ఆశ ఇలా బుగ్గయిపోతుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. అలాగే చతికిలబడ్డాడు.

మజ్జిగ తెచ్చిన రమణమ్మ ఆయన వాలకం చూసి హడలిపోయింది.

"ఏమైందండీ, అలా అయిపోయేరు?"

చెప్పాడు. ఎవరి కోసం తీద్దామనుకున్నాడో అదీ చెప్పాడు. ఫోటో పోతే పోయింది, కంటికైనా చూపిద్దామని లేచి, కెమెరా, ఫిల్టరు పీకేసి, ఆవిడ చేతికి తెల్లకాగితం ఇచ్చి దుర్భిణి వెనక పట్టుకోమన్నాడు. దాంట్లోకి మాత్రం తొంగిచూడొద్దన్నాడు. కాగితం మీద సాసరంత సూర్యుడు పడ్డాడు. అందులో ఆవగింజంత నల్ల చుక్క.

రమణమ్మ దాన్ని ఉఫ్‌మని ఊదింది. వేలితో తుడిచింది. పోలేదు.

"నలక కాదు. శుక్రుడు" అన్నాడు సత్తియ్య.

ఆవిడ మళ్ళీ కాగితం మీదకి వంగింది. సత్తియ్య ఆ ముఖంలో కాస్త తేలిక కనబడుతుందని ఆశగా చూశాడు. కనబడలేదు.

"వీడింతేనని మీకెప్పట్నుంచి తెలుసండీ?"

"చదువుకునే రోజుల్నుంచీ తెలుసు."

"పిల్లలు పుట్టకపోడానికీ వీడికీ ఏ సంబంధం లేదనీ తెలుసాండీ?"

"తెలుసు."

"అత్తయ్యగారు పళ్ళెం దగ్గర్నించి నన్ను లేపేసినప్పుడల్లా మీరక్కడే ఉన్నారు కదండీ, ఫోటోలు తీస్తా. అప్పుడు మీరొక్క మాటంటే సరిపోయేది. దానికి ఫోటో ఎందుకండీ?"

ఆవిడ గొంతు పెంచలేదు. అరిచినా బాగుండేది. ఈ మాట సత్తియ్యకి ఇన్నేళ్ళూ తట్టనే లేదు.

కిందనుంచి వీరమ్మ గారి కేక వినబడింది. "ఒరే సత్తియ్యా, పెట్టె ఇంత తేలిగ్గా ఉందేంట్రా? మూఢంలో కెమెరా తీసేవా?"

రమణమ్మ ఆయన నోటికేసే చూసింది. ఈసారి చెప్పేస్తాననే అనుకున్నాడు, ఒట్టు.

"లేదమ్మా. కొత్త కెమెరాలు తేలిగ్గానే ఉంటాయి."

ఆ మాట తన నోట్లోంచి ఊడిపడటం విని సత్తియ్యే నిర్ఘాంతపోయాడు. రమణమ్మ కాగితం ఆయన చేతిలో పెట్టి, మెట్ల దగ్గరికి వెళ్ళి కిందికి వంగింది.

"తీసేరండీ అత్తయ్యగారూ. శుక్రుణ్ణి కూడా చూసేం. పైకి రండి, మీకూ చూపిస్తాను."